కొత్త పిస్టల్ ట్రిగ్గర్ బాగుందో లేదో ఎలా తేల్చాలి? గేజ్ ఒకటి చెప్తోంది, వేలు ఇంకోటి చెప్తోంది

#1 గురితప్పినోడు
అందరికీ నమస్తే. ఈ మధ్యే 9 ఎంఎం పిస్టల్ తీసుకున్నాను. పాలిమర్ ఫ్రేమ్, స్ట్రైకర్ రకం (సుత్తి లేకుండా లోపలి స్ప్రింగ్ పిన్నే తూటాను కొట్టేది), ఖాళీగా తూచితే 700 గ్రాములు. కంపెనీ పేరు మాత్రం రాయను, రాస్తే అసలు సంగతి పక్కకు పోయి ఏ కంపెనీ గొప్పదనే యుద్ధం మొదలవుతుందని నాకు తెలుసు. బుక్‌లెట్‌లో ట్రిగ్గర్ బరువు సుమారు 2.5 కేజీలు అని ఉంది. స్ప్రింగ్ గేజ్ తగిలించి లాగితే 3.1 వచ్చింది. మళ్లీ లాగితే 3. మూడోసారి 2.8. పైగా నొక్కుతుంటే మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కున్నట్టు గరగర.

మొన్న రేంజ్‌లో పక్క లేన్ ఆయన తన పిస్టల్ ఖాళీ చేసి నొక్కి చూడమన్నాడు. ఎండుపుల్ల విరిగినట్టు టక్కున తెగింది. అది చూశాక నాది పట్టుకోబుద్ధి కావట్లేదు. ఫ్యాక్టరీ ట్రిగ్గర్లంటే ఇంతేనా, లేక నా వంతుకే చెడ్డది వచ్చిందా? వెనక్కి పంపాలా, స్ప్రింగ్ మార్చుకోవాలా?

#2 స్ప్రింగ్‌పిచ్చోడు
స్ప్రింగ్ మార్చెయ్ అన్నా, ఇందులో ఆలోచించడానికి ఏముంది. నేను కొన్న వారంలోనే మార్చాను. 1.6 కేజీలకు దిగింది. స్వర్గం.

#3 నిదానమే ప్రధానం
కాస్త ఆగండి ఇద్దరూ. రోగమేంటో తేలకుండానే ఆపరేషన్ అంటే ఎలా?

ముందు ఒక మాట. ఇంట్లో గేజ్ పెట్టినా, ఊరికే నొక్కి చూసినా, మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూసుకోండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ట్రిగ్గర్ మీద ధ్యాస పడ్డప్పుడు మనిషి మిగతాదంతా మర్చిపోతాడు, అందుకే చెప్తున్నా.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ పక్క లేన్ ఆయన ఇచ్చిన పిస్టల్ ఏ రకం?

#4 గురితప్పినోడు
1911 సార్, ఆ పాత అమెరికన్ సైనిక పిస్టల్ రకం. ఉక్కుది, బరువుగా ఉంది. తూటాలు వేరే గదిలో బీరువాలో ఉన్నాయి, తాళం కూడా వేశాను :)

#5 నిదానమే ప్రధానం
నాకు ఆ అనుమానమే వచ్చింది. దాంతో పోల్చుకుంటే మీ పిస్టలే కాదు, దాదాపు ఏ స్ట్రైకర్ పిస్టలైనా నాసిగానే అనిపిస్తుంది. అది ట్రిగ్గర్ తప్పు కాదు, పోలిక తప్పు.

1911లో హ్యామర్, అంటే వెనకుండే సుత్తి, ముందే పూర్తిగా ఎక్కి ఉంటుంది. ట్రిగ్గర్‌కు ఒక్కటే పని, సియర్‌ను, అంటే హ్యామర్‌ను పట్టి ఆపే ముక్కను, పక్కకు తప్పించడం. అది కూడా ఇరుసు మీద తిరగదు, డెస్కు సొరుగు లోపలికి పోయినట్టు నేరుగా వెనక్కి జారుతుంది. అందుకే అంత పొట్టిగా, అంత శుభ్రంగా తెగుతుంది. దాంట్లోనూ తేడాలున్నాయి, 1983 నుంచి వచ్చిన కోల్ట్ సిరీస్ 80 వాటిలో ఫైరింగ్ పిన్‌కు (తూటాను పొడిచే పిన్నుకు) అడ్డుపడే సేఫ్టీ చేరింది, దాన్ని తప్పించే పని కూడా ట్రిగ్గర్ నెత్తినే పడింది. పాత సిరీస్ 70 నొక్కినవాళ్లు కొత్తదాని మీద సణగడం అప్పటినుంచీ ఉన్నదే.

గ్లాక్ లాంటి దాంట్లో స్ట్రైకర్ సగంలో ఆగి ఉంటుంది. మీరు నొక్కేటప్పుడు దాన్ని మిగతా దూరం వెనక్కి లాగాలి, ఫైరింగ్ పిన్ సేఫ్టీని పైకి ఎత్తాలి, ట్రిగ్గర్ బార్‌ను (ట్రిగ్గర్ కదలికను వెనక్కి చేర్చే రేకును) కిందికి దించాలి. ఇన్ని పనులూ ఒకే వేలుతో. గ్లాక్ 17కు కంపెనీ చెప్పే లెక్కే ట్రిగ్గర్ కదలిక 12.5 మిల్లీమీటర్లు. అందులో సింహభాగం తేలిగ్గా వెనక్కి పోయే సడలే. సిగ్ పీ320 లాంటివాటిలో స్ట్రైకర్ ముందే పూర్తిగా ఎక్కి ఉంటుంది కాబట్టి ఇంకో రకంగా తగులుతుంది. బెరెట్టా 92 లాంటి డబుల్ యాక్షన్ వాటిల్లో (మొదటి నొక్కే హ్యామర్‌ను ఎక్కించి వదిలే రకం) మొదటి నొక్కు 5 కేజీల చుట్టూ, తర్వాతవి అందులో సగం. వాటిని తూచాలంటే రెండు ట్రిగ్గర్ల కింద లెక్కేసి విడివిడిగా తూచాలి.

కాబట్టి పోల్చుకోవాలంటే మీ మోడలే ఇంకోటి, లేదా అదే రకం యంత్రాంగం ఉన్నది చేతికి తీసుకోండి. అప్పుడు చెప్పండి నాసిగా ఉందో లేదో.

#6 ఎడమచేతివాటం
నిదానం గారు చెప్పింది కరెక్ట్. నేను ఇంకో లెక్క కలుపుతాను. 1911 బరువు 1.1 కేజీ దాకా ఉంటుంది, ట్రిగ్గర్ 2 కేజీలనుకుందాం, అంటే పిస్టల్ బరువుకి రెండు రెట్ల లోపే. మీది 700 గ్రాములు, ట్రిగ్గర్ 2.5 కేజీలు, అంటే మూడున్నర రెట్లు. మీ వేలు పెట్టే బలంలో కాస్త పక్కకు పోయినా అంత తేలిక పిస్టల్‌ను కదిపేయడానికి చాలు. మీకు "గట్టిగా ఉంది" అనిపిస్తున్న దాంట్లో సగం ఇదే అయ్యుంటుంది.

ఇంతకీ గేజ్ కొక్కెం ట్రిగ్గర్ మీద ఎక్కడ తగిలించారు? అది చెప్పలేదు.

#7 గురితప్పినోడు
పైన తగిలించాను, ఫ్రేమ్‌లోకి పోయే చోటికి దగ్గరగా. ట్రిగ్గర్ మధ్యలో ఆ చిన్న సేఫ్టీ నాలుక ఉంది కదా, కొక్కెం దాని మీద నుంచి జారిపోతోంది. పైన అయితే కదలకుండా కూర్చుంది.

#8 ఎడమచేతివాటం
అదీ సంగతి! దొరికాడు దొంగ.

మీ ట్రిగ్గర్ ఇరుసు మీద తిరిగే రకం. తలుపు తోయడం గుర్తు తెచ్చుకోండి. అంచు దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది, బందుల పక్కన తోస్తే భుజం పెట్టాలి. ఉజ్జాయింపుగా లెక్క చూద్దాం. ఇరుసు నుంచి ట్రిగ్గర్ నడిమికి 20 మిల్లీమీటర్లు, అక్కడ 2.65 కేజీలు కావాలనుకోండి. అదే ట్రిగ్గర్‌ను 17 మిల్లీమీటర్ల దగ్గర లాగితే 3.1 చూపిస్తుంది. కింది కొసన 24 దగ్గర లాగితే 2.2. ట్రిగ్గర్ అదే, స్ప్రింగులు అవే, అంకెలు మూడు. ఆన్‌లైన్‌లో ఒకడు నాది 2.2 అని, ఇంకొకడు నాది 3.1 అని కొట్టుకుంటుంటారు చూడండి, ఇద్దరివీ ఒకే పిస్టళ్లు అయ్యుండొచ్చు.

1911లాగా నేరుగా జారే ట్రిగ్గర్‌కు ఈ పేచీ చాలా తక్కువ.

తూచే పద్ధతి చెప్తాను. పిస్టల్‌ను కదలకుండా మెత్తటి గుడ్డ వేసి వైస్‌లోనో, బరువైన పుస్తకాల మధ్యనో ఆనించండి. కొక్కెం మీ వేలి మెత్తటి భాగం ఎక్కడ కూర్చుంటుందో సరిగ్గా అక్కడ ఉండాలి. ఆ చోట మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి, తర్వాత తుడిచేయొచ్చు. గొట్టానికి సమాంతరంగా వెనక్కి లాగండి, పైకీ కిందికీ కాదు. మెల్లగా లాగండి, ఝాడించి లాగితే గేజ్ ముల్లు ఎగిరి ఎక్కువ చూపిస్తుంది. పదిసార్లు లాగి పదీ రాయండి. సగటు ఒక్కటే కాదు, అన్నిటికన్నా ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అనేది కూడా రాయండి. నాకు కావలసింది అసలు అదే.

#9 స్ప్రింగ్‌పిచ్చోడు
మాస్టారూ, పిస్టల్ పేల్చాలా, ఫిజిక్స్ పరీక్ష రాయాలా 😄 నాకు తెలిసింది ఒక్కటే, తేలిగ్గా ఉంటే గురి కుదురుతుంది. 1.6కి దించాక నా గ్రూపు, అంటే గుండ్లు చెదిరే మేర, సగానికి సగం తగ్గింది.

#10 సుత్తీ స్క్రూడ్రైవరూ
నా పనే పిస్టళ్లు విప్పి బిగించడం కాబట్టి స్ప్రింగ్‌పిచ్చోడి గారి స్వర్గం గురించి నాలుగు ముక్కలు చెప్తాను, ఏమనుకోకండి.

ట్రిగ్గర్ తేలిక అవడానికి మూడు దారులున్నాయి. ఒకటి, రాపిడి తగ్గడం, అంటే లోపలి ముక్కలు నునుపుగా ఉండటం. ఇది మంచిదే. రెండు, స్ప్రింగ్ బలం తగ్గించడం. స్ట్రైకర్ స్ప్రింగో హ్యామర్ స్ప్రింగో మెత్తబడితే ప్రైమర్ (తూటా అడుగున మందును రాజేసే చిన్న మూత) మీద దెబ్బ కూడా మెత్తబడుతుంది, గట్టి ప్రైమర్ ఉన్న తూటా పడ్డరోజు క్లిక్ మంటుంది గానీ పేలదు. మూడు, సియర్ పట్టు తగ్గించడం, అంటే రెండు ఉక్కు అంచులు ఎంత మేర ఒకదాన్నొకటి పట్టుకున్నాయో దాన్ని కోసేయడం. నా బల్ల మీదకు వచ్చే భయంకరమైన కేసులన్నీ ఇవే. ఒకాయన సియర్‌కు ఆకురాయి పెట్టి తెచ్చాడు. బల్ల మీద చూస్తే సూపర్‌గా తెగుతోంది, స్లైడ్ గట్టిగా ముందుకు వదిలితే హ్యామర్ దాని వెంటే పడిపోతోంది. నిండు మ్యాగజైన్‌తో అదే జరిగితే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీ వాడు ట్రిగ్గర్‌ను గట్టిగా పెట్టడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. కింద పడ్డా పేలకూడదు, చలికీ మురికికీ ఆగిపోకూడదు, ఎలాంటి తూటా వేసినా ప్రైమర్ పగలాలి. 2017లో సిగ్ పీ320కు స్వచ్ఛంద అప్‌గ్రేడ్ ప్రకటించింది గుర్తుందా? పిస్టల్ ఒక కోణంలో వెనక భాగం నేలకు తగిలేలా పడితే, ట్రిగ్గర్ తన సొంత బరువు ఊపుకే వెనక్కి కదిలే అవకాశం ఉందని తేలింది. అప్‌గ్రేడ్‌లో చేసిన పనుల్లో ముఖ్యమైనది ట్రిగ్గర్ ముక్కనే తేలిక చేయడం. నొక్కే బరువు సంగతి కాదు నేను అంటున్నది, ట్రిగ్గర్ ముక్క సొంత బరువు. చూడటానికి ఇంత చిన్న ముక్క, దాని గ్రాములు కూడా లెక్కలోకి వచ్చాయి.

ఇక రెండో కొస న్యూయార్క్ పోలీసులది. వాళ్లు 1993లో రివాల్వర్ల నుంచి సెమీ ఆటోమేటిక్‌లకు మారాక, పొరపాటున పేల్చకుండా ఉండాలని 12 పౌండ్ల ట్రిగ్గర్ పెట్టించారు, అంటే దగ్గర దగ్గర 5.4 కేజీలు. దాంతో గురి కుదరదని గోల చేసినవాళ్లు బోలెడు మంది. అంటే బాగుందా లేదా అనేది "దేనికి" అని అడగకుండా తేలదు.

#11 స్ప్రింగ్‌పిచ్చోడు
సరే సరే, నేను సియర్ ముట్టుకోలేదు, స్ప్రింగ్ ఒక్కటే. అయినా... నిజం చెప్పాలంటే ఒక బ్రాండు తూటాలు వందకు రెండు మూడు పేలట్లేదు. తూటాల తప్పే అనుకున్నాను.

#12 సుత్తీ స్క్రూడ్రైవరూ
పేలని తూటాల ప్రైమర్ మీద గుంట లోతు చూసి, పేలిన వాటి పక్కన పెట్టండి. లోతు తక్కువగా కనిపిస్తే పాత స్ప్రింగ్ వెతుక్కోండి. డబ్బాలో పడేసే ఉంటారు.

#13 గురితప్పినోడు
తూచాను. ఎడమచేతివాటం గారు చెప్పినట్టే మధ్యలో గీత పెట్టి, పిస్టల్‌ను గుడ్డ చుట్టి వైస్‌లో పట్టించి. కొక్కెం జారకుండా సేఫ్టీ నాలుక మీద కూర్చోబెట్టడానికే పావుగంట పట్టింది. ఇవీ పది:

2.6, 2.7, 2.6, 2.6, 3.0, 2.6, 2.7, 2.6, 2.6, 3.0

సగటు 2.7. అంటే బుక్‌లెట్ చెప్పినదానికి దగ్గరే. కానీ ఆ రెండు 3.0లు ఏంటి? చేతిలో పట్టుకుని నొక్కుతున్నా అప్పుడప్పుడు ఒకటి మొండికేస్తోంది. గరగర అలాగే ఉంది.

#14 నిదానమే ప్రధానం
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. చాలామంది సగటు చూసి "2.7 పర్లేదు" అని లేచిపోతారు. నేనైతే ఎప్పుడూ 3.0 ఉండే ట్రిగ్గర్‌ను తీసుకుంటాను గానీ, ఎనిమిదిసార్లు 2.6 ఉండి రెండుసార్లు 3.0 అయ్యే దాన్ని తీసుకోను. ఎందుకంటే వేలు నేర్చుకుంటుంది. రోజూ ఒకే బరువుకు తెగితే మూడు వారాల్లో ఆ బరువు వేలికి కంఠతా వస్తుంది. మధ్యలో ఒకటి మొండికేస్తే మనం "ఇంకా తెగలేదేంటి" అని గుంజేస్తాం, గుండు కిందికి పోతుంది.

గేజ్ పక్కన పెట్టేసి ఇప్పుడు వేలితో చూడండి. ఖాళీ పిస్టల్, సురక్షితమైన దిక్కు, ఒక్కో నొక్కు పది సెకన్లు పట్టేలా, అంత మెల్లగా. మొదట్లో పెద్ద బరువేమీ లేకుండా వెనక్కి పోయే దూరం ఉంటుంది, అది సడలు, టేకప్ అంటారు. అది పొడుగ్గా ఉన్నా నాకు పట్టింపు లేదు, నునుపుగా ఉంటే చాలు. తర్వాత ఒకచోట గట్టిగా ఆగుతుంది, అది గోడ. గోడకు ఆనించాక ఇంకా నొక్కితే, తెగే లోపల ట్రిగ్గర్ ఇంకా కదులుతోందా? కదిలితే అది క్రీప్. ఇది రెండు రకాలు. బురదలో కాలు దిగినట్టు ఒకే తీరుగా మెత్తగా పోతే దాన్ని దొర్లే తెగుడు అంటాను నేను, డబుల్ యాక్షన్ అలవాటున్నవాళ్లు కొందరు దాన్నే కోరుకుంటారు. అలా కాకుండా మెట్లు మెట్లుగా, ఆగి, కదిలి, ఆగి పోతే అది ఎవరికీ పనికిరాదు. తెగాక ట్రిగ్గర్ ఇంకెంత వెనక్కి పడుతుందో చూడండి, అదే ఓవర్‌ట్రావెల్. ఎక్కువుంటే తెగిన క్షణంలో వేలు గుంజుకుపోయి ముందు సైట్ (గురి చూసేందుకు స్లైడ్ ముందు కొసన ఉండే ముక్క) కదులుతుంది.

ఆ ముందు సైట్ కోసం పాత చిట్కా ఒకటి. ఒక ఖాళీ తూటా గొట్టాన్ని ముందు సైట్ దగ్గర స్లైడ్ మీద నిలబెట్టి నొక్కండి. పదిలో తొమ్మిదిసార్లు అది పడకుండా ఉంటే ట్రిగ్గరూ బాగున్నట్టే, మీరూ బాగున్నట్టే. పడుతుంటే మాత్రం తప్పు ఎవరిదో దీంతో తేలదు :)

#15 నల్లవృత్తం
నాదొక వ్యతిరేక స్వరం. ఈ చర్చంతా చూస్తుంటే కలం బాగాలేక దస్తూరి పాడైందన్నట్టుంది. నేను పోటీల్లో కాల్చేవాణ్ణి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ 500 గ్రాములకు తగ్గకూడదు, 25 మీటర్ల పిస్టల్ అయితే 1000 గ్రాములు, అంతర్జాతీయ నిబంధనలే అవి. ఏళ్ల తరబడి 500 గ్రాముల మీద కాల్చి ఒకరోజు స్నేహితుడి సర్వీస్ పిస్టల్ తీసుకుంటే ట్రిగ్గర్‌కు బదులు తలుపు గొళ్లెం నొక్కుతున్నట్టు అనిపించింది. తిట్టుకుంటూనే రెండు నెలలు దాంతోనే కాల్చాను. తిరిగి నా పిస్టల్‌కు వచ్చేసరికి నా వేలు అంతకుముందు కంటే శుభ్రంగా పనిచేసింది. బరువైన ట్రిగ్గర్ మీద చేసే తప్పు దాగదు. తేలిక ట్రిగ్గర్ మన తప్పుల మీద దుప్పటి కప్పుతుంది అంతే.

కాబట్టి తమ్ముడూ, మొదట 500 తూటాలు కాల్చు. అప్పుడు మాట్లాడదాం.

#16 ఎడమచేతివాటం
నల్లవృత్తం గారూ, బరువు విషయంలో మీతో ఒప్పుకుంటాను. కానీ ఆయన సమస్య బరువు కాదుగా, నిలకడ. మీ ఎయిర్ పిస్టల్ ఒకసారి 500కు, ఇంకోసారి 600కు తెగితే మీరు ఊరుకుంటారా? పోటీకి ముందు పరీక్షకు పెట్టినప్పుడు మీరే బల్ల ఎత్తేస్తారు.

#17 నల్లవృత్తం
ఊరుకోను. ఒప్పుకున్నా. కానీ 500 తూటాల మాట వెనక్కి తీసుకోను, కొత్త ముక్కలు ఒకదానికొకటి సర్దుకోవాలి.

#18 రీసెట్‌రాణి
రీసెట్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? పేలాక ట్రిగ్గర్ వెనక్కే పట్టుకుని, మెల్లగా ముందుకు వదిలితే ఒకచోట టిక్ మంటుంది, అక్కడి నుంచి మళ్లీ నొక్కొచ్చు. ఆ టిక్ వేలికి తెలియాలి, చెవికి కాదు. రేంజ్‌లో చెవులకు మఫ్స్ ఉంటాయి కదా. స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ మొదటి తరం మీద జనం ఎన్నాళ్లు సణిగారో గుర్తుందా, రీసెట్ ఎక్కడో తెలిసేది కాదని. 2017లో 2.0 వచ్చాక అది మెరుగైంది.

అయితే నా మాట కూడా పూర్తిగా నమ్మకండి. నేను ఒకప్పుడు రీసెట్ పొట్టిగా ఉందా అని ఒక్కటే చూసి కొన్నాను. త్వరగా కాల్చేటప్పుడు వేలు ఎలాగూ రీసెట్ దాటి ముందుకు పోతోందని వీడియోలో చూసుకున్నాక నవ్వొచ్చింది. టిక్ గట్టిగా ఉండటం ముఖ్యం, ఎంత దూరంలో ఉందన్నది తర్వాతి మాట.

#19 సుత్తీ స్క్రూడ్రైవరూ
గురితప్పినోడు గారూ, ఇప్పుడు గరగర ఎక్కడిదో పట్టుకుందాం. కొన్నాక లోపల శుభ్రం చేశారా? కొత్త పిస్టల్‌కు తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది పనిచేయడానికి వేసే నూనె కాదు. తుడిచి, బుక్‌లెట్‌లో చూపించిన చోట్ల ఒక్కో చుక్క వేయండి. ఒక్క చుక్క అంటే ఒక్క చుక్కే. స్ట్రైకర్ ఉండే సొరంగంలో నూనె అసలు వద్దు, అక్కడ మురికి పేరుకుని ప్రైమర్ దెబ్బ మందగిస్తుంది. గ్లాక్ వాళ్లు రాగి రంగు గ్రీజు పూసి పంపిస్తారు, అలాంటిది ఉంటే మాత్రం తుడవకండి, అది ఉండటానికే పూసింది.

తర్వాత స్లైడ్ విప్పి పక్కన పెట్టి, దాని అడుగున ఒక చిన్న గుండ్రటి ప్లంజర్ కనిపిస్తుంది, అదే ఫైరింగ్ పిన్ సేఫ్టీ. దాన్ని ఏదైనా ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా నొక్కి వదలండి. ఇసుక అక్కడే తగిలితే దోషం అక్కడిదే, సడలు తీసేటప్పుడే గరగర వస్తుంది. ప్లంజర్ నున్నగా ఉండి, గోడ దాటాకే గరగర వస్తుంటే ట్రిగ్గర్ బార్‌కూ సియర్‌కూ మధ్య చూడాలి. బార్ రేకును అచ్చులో కొట్టి కోస్తారు కాబట్టి అంచున కంటికి ఆనని ముళ్లు మిగిలిపోతుంటాయి.

పని ముగిశాక ఖాళీ పిస్టల్ మీద ఇవి కూడా చూడండి, ట్రిగ్గర్ నాణ్యత అంటే నా లెక్కలో ఇవే ముందు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్ లాగి వదలండి, ఏదీ పడకూడదు. ట్రిగ్గర్ వదిలితే రీసెట్ టిక్ మనాలి. మళ్లీ నొక్కితే తెగాలి. స్లైడ్‌ను కొద్దిగా వెనక్కి, ఒక అర సెంటీమీటరు, పట్టుకుని నొక్కితే తెగకూడదు. సేఫ్టీ నాలుకను తాకకుండా ట్రిగ్గర్‌ను పక్క అంచు పట్టి లాగితే కదలకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా ట్రిగ్గర్ ఎంత తియ్యగా తెగినా నాకు అక్కర్లేదు, దాన్ని తూటా లేకుండా డబ్బాలో పెట్టి పంపించేయండి.

#20 గురితప్పినోడు
చేశాను. పరీక్షలన్నీ పాసయింది. ప్లంజర్ పుల్లతో నొక్కితే నున్నగా ఉంది. శుభ్రం చేశాక సడలులో ఉన్న గరగర చాలా వరకు పోయింది. గుడ్డకు అంటిన మడ్డి చూసి ఆశ్చర్యపోయాను, కొత్త వస్తువు ఇంత మురికా అని. కానీ గోడ దాటాక ఆ మొండికేయడం మాత్రం పోలేదు. టార్చ్ వేసి భూతద్దంతో చూస్తే ట్రిగ్గర్ బార్ వెనక కొస మీద, సియర్‌ను తాకే చోట, వెంట్రుక మందాన ఒక మెరిసే గీత ఉంది. దాని పక్కనే చిన్న ముల్లు లాంటిది. చిన్న ఆకురాయి ఉంది నా దగ్గర. రెండు సార్లు రుద్దితే పోయేలా ఉంది.

#21 సుత్తీ స్క్రూడ్రైవరూ
వద్దు. ఆ చెయ్యి అక్కడే ఆపండి.

ఆ కొస పైపైన గట్టిపరిచిన ఉక్కు అయ్యుంటే, మీరు రుద్దితే పైపొర పోతుంది, ఆ తర్వాత అరుగుదల మొదలవుతుంది. కోణం ఒక్క వెంట్రుకవాసి మారినా సియర్ పట్టు మారుతుంది. వారంటీ ఉంది కదా, ఫోటో తీసి పది రీడింగులతో సహా కంపెనీకి పంపండి. "ట్రిగ్గర్ బాగాలేదు" అని రాస్తే వాళ్లు "మా లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది" అని వెనక్కి పంపుతారు. "పదిలో రెండుసార్లు 0.4 కేజీ తేడా, బార్ కొసన ముల్లు" అని రాస్తే ముక్క మారుస్తారు.

#22 స్ప్రింగ్‌పిచ్చోడు
పక్కన చిన్న అప్‌డేట్. గుంటలు పక్కపక్కన పెట్టి చూశాను. పేలనివాటిలో లోతు తక్కువగానే ఉంది. పాత స్ప్రింగ్ వేశాను, 2.4 అయింది. నాలుగు డబ్బాలు కాల్చాను, ఒక్కటీ ఆగలేదు. గ్రూపు కొంచెం పెరిగింది, కొంచెమే. ఎక్కువ నవ్వొద్దు.

#23 నిదానమే ప్రధానం
నవ్వట్లేదు. ఒప్పుకున్నందుకు ఒక చల్లటి సోడా బాకీ మీకు.

#24 గురితప్పినోడు
అయిదు వారాల తర్వాత వచ్చాను. కంపెనీ బార్ మార్చి పంపింది, ఉత్తరంలో "రూపంలో చిన్న లోపం" అని ఒక్క వాక్యం రాశారు. అదే గీత మీద, అదే వైస్‌లో తూచాను: 2.6, 2.6, 2.7, 2.6, 2.6, 2.7, 2.6, 2.6, 2.6, 2.7.

సడలులో ఇంకా కాస్త గీరినట్టు ఉంటుంది, గోడ దాటాక కొంచెం క్రీప్ కూడా ఉంది. 1911లా లేదు, ఎప్పటికీ ఉండదు. కానీ ఎక్కడ తెగుతుందో ఇప్పుడు వేలికి ముందే తెలిసిపోతోంది. నల్లవృత్తం గారి 500లో 350 అయ్యాయి. ఖాళీ గొట్టం పదికి ఏడుసార్లు నిలబడుతోంది.

ఒకటే మిగిలింది. గుండ్లన్నీ ఒకే చోట పడుతున్నాయి గానీ నడిమికి నాలుగు వేళ్లు ఎడమగా. ట్రిగ్గర్ వల్లేనా?

#25 ఎడమచేతివాటం
మీరు కుడిచేతి వాటమా?

#26 గురితప్పినోడు
అవును.

#27 ఎడమచేతివాటం
వేలి ఏ భాగం ట్రిగ్గర్ మీద ఉంటోందో ఒక ఫోటో పెట్టండి. కొస మరీ కొద్దిగా ఆనిస్తున్నారని నా అనుమానం. అలా అయితే వెనక్కి లాగడం పోయి పక్కకు తోస్తున్నట్టు లెక్క. సైట్ మీద చెయ్యి వేయకండి ఇంకా.

#28 గురితప్పినోడు
ఫోటో తీసి చూసుకున్నాను... గోరు పక్కనే ఉంది. పెట్టను, సిగ్గుగా ఉంది. రేపు రేంజ్‌కి వెళ్లి వచ్చి చెప్తాను.